పార్టీ గుర్తు లేని ఎన్నిక : మన పల్లెలకు కావలసినదేమి?

హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలిచి చూచువానికి నలుదిక్కులకును దారులు కనిపించును. ఒకటి గన్నవరము మీదుగా విజయవాడకు, ఒకటి ఏలూరునకు, ఒకటి నూజివీడునకు, ఒకటి గుడివాడకు పోవును. ప్రయాణికుడు బోర్డు చదువుకొని తన బస్సు ఎక్కును. బోర్డు లేని బస్సు వచ్చినచో కండక్టరును అడిగిన తరువాతనే కాలు పెట్టును. బస్సు విషయమున మనము పాటించు ఈ మాత్రపు జాగ్రత్తను, అయిదేండ్లకొకమారు గ్రామమును నడుపువారిని ఎన్నుకొనునపుడు పాటించుట లేదు. బోర్డు లేని బండి ఎక్కి, అది ఎచ్చటికి పోవునో తరువాత తెలిసికొనుచున్నాము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. గ్రామ పంచాయతీ ఎన్నికలకు పార్టీలను దూరముగా నుంచిన మన చట్టము మంచి ఉద్దేశముతో చేసినదే. కాని పార్టీ లేకుండుట వేరు. పేరును, బాధ్యతయు లేకుండుట వేరు. పార్టీ జెండా తొలగించిన చోట ఊరి జట్టు ఒకటి తన పేరుతో, తన వ్రాతపూర్వకమైన కార్యక్రమముతో, తన లెక్కలతో నిలువవలెను. అట్టి జట్టుకు చోటు చూపనిచో ఆ ఖాళీ స్థలమును మరల పార్టీలే, ఈ మారు ముసుగు వేసికొని, ఆక్రమించును. ఈ అభిప్రాయముతో ఏకీభవింపని పెద్దలు మన కళాశాల కార్యవర్గములోనే కలరు. వారి వాదమును గూడ ఇందు ఉంచి, మాకు తోచిన సమాధానమును వినయముతో చెప్పెదము.

చట్టము చెప్పునది – ఊరు చేయునది

1993 ఏప్రిల్ 24వ తేదీ నుండి అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామ పంచాయతీకి రాజ్యాంగములో స్థానము కల్పించినది. దాని ననుసరించి 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము వచ్చినది. మండల పరిషత్తు ప్రాదేశిక సభ్యులకు, జిల్లా పరిషత్తు ప్రాదేశిక సభ్యులకు పార్టీ గుర్తులపై ఎన్నిక జరుగును. పురపాలక సంఘములలోను అంతే. ఒక్క గ్రామ పంచాయతీకి మాత్రము పార్టీ గుర్తులు లేవు. సర్పంచ్ పదవికి, వార్డు సభ్యత్వమునకు నిలుచువారు ఎవరికి వారుగా నిలువవలెను. ఇరువది ఒక్క సంవత్సరములు నిండిన యువకుడు గాని యువతి గాని ఏ పార్టీ కార్యాలయపు గడప తొక్కకుండ, ఎవరి బీ-ఫారమును తీసికొనకుండ నామినేషను వేయగల ఎన్నిక ఇది.

ఇచ్చట ఒక మాట చెప్పుట మన పత్రికకు తగియుండును. 'సర్పంచ్' అను పదములో 'సర్' అనగా పారసీకమున తల. 'పంచ్' అనగా మన అయిదు. 'జిల్లా పరిషత్తు' అను మాటలో మొదటిది అరబ్బీ నుండి, రెండవది సంస్కృతము నుండి వచ్చినవి. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుండు మన కళాశాల వలెనే మన గ్రామ పరిపాలన గూడ రెండు భాషల పొత్తుతో ఏర్పడినది. అందువలన ఈ విషయము మనలో ఏ ఒక్కరికిని పరాయిది కాదు.

ఎన్నిక నాడు ఓటరు చేతికి రెండు కాగితములు వచ్చును; సర్పంచ్‌కు గులాబి రంగుది, వార్డు సభ్యునకు తెల్లనిది. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమమున వరుసగా వ్రాసి, ఆ వరుసలోనే ఉంగరము, కత్తెర వంటి గుర్తులను పంచుదురు. అనగా అభ్యర్థి గుర్తును నిర్ణయించునది అతని ఆశయము కాదు, అతని పేరులోని మొదటి అక్షరము! ఒకే మాటపై కలిసి పనిచేయదలచిన పదిమంది నిలిచినను వారికి ఒకే గుర్తు రాదు. సర్పంచ్ అభ్యర్థిది ఒకటి, మొదటి వార్డు అభ్యర్థిది వేరొకటి, రెండవ వార్డు అభ్యర్థిది మరియొకటి. వీరందరు ఒక జట్టని ఓటరునకు చెప్పు సాధనము చట్టములో లేదు.

కాని ఊరిలో జట్టులు లేవా? కలవు. వానికి 'ప్యానెల్' అని పేరు. ఫలానావారి ప్యానెల్ అని టీ కొట్టు వద్ద ప్రతివారును చెప్పగలరు. ఆ ప్యానెల్ ఏ నాయకుని వెనుక ఉన్నదో, ఆ నాయకుడు ఏ పార్టీ వెనుక ఉన్నాడో గూడ చెప్పగలరు. 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీలలో నాలుగు విడతలుగా మన రాష్ట్రమున పంచాయతీ ఎన్నికలు జరిగినవి. ప్రతి విడత ముగిసిన మరునాడు పత్రికలలో పార్టీల వారీగా 'మద్దతుదారుల' గెలుపు లెక్కలు వెలువడినవి. అధికార పక్షమును, ప్రతిపక్షమును ఎవరి లెక్క వారు చెప్పుకొనిరి. పార్టీలే లేని ఎన్నికలో పార్టీలు గెలుచుట ఎట్లో మా రాజనీతిశాస్త్ర పాఠములలో ఎచ్చటను కానరాలేదు.

ఆ ఎన్నికలలోనే మరియొక సంగతి జరిగినది. ఒక ప్రధాన పార్టీ, తెలుగుదేశము, ఆ సంవత్సరము జనవరిలో పంచాయతీ ఎన్నికలకు ఒక ప్రణాళికను ప్రకటించినది. పార్టీరహితమైన ఎన్నికలకు పార్టీ ప్రణాళిక యేమని ఎదుటి పక్షమువారు ఫిర్యాదు చేసిరి. రాష్ట్ర ఎన్నికల సంఘము దానిని రద్దు చేసినది. చట్టమును బట్టి చూచినచో అది సరియైన నిర్ణయమే. కాని ఫలితమును ఆలోచింపుడు. కాగితముపై వ్రాసిన వాగ్దానము పోయినది. చెవిలో చెప్పిన వాగ్దానము నిలిచినది. రంగును ఏ అధికారియు తుడువలేకపోయెను. తుడిచివేయగలిగినది అక్షరమును మాత్రమే.

పెద్దల ఆలోచన

పార్టీలు లేని ప్రజాస్వామ్యమును కోరినవారు సామాన్యులు కారు. ఎం.ఎన్. రాయ్ తాను 1940లో స్థాపించిన రాడికల్ డెమొక్రటిక్ పార్టీని 1948 డిసెంబరులో తానే రద్దుచేసెను. అధికారము కొరకు పోటీపడు పార్టీ ప్రజల చేతిలోని శక్తిని తాను తీసికొనునే గాని వారి చేతికి ఇయ్యదని ఆయన నిశ్చయము. ఆ భావములు మన డెల్టాకు దూరమైనవి కావు. గుడివాడ సమీపమున అంగలూరులో జన్మించిన త్రిపురనేని గోపీచంద్ ఆ పార్టీ ఆంధ్ర శాఖకు కార్యదర్శిగా పనిచేసినవారు. తరువాత 1959లో జయప్రకాశ్ నారాయణ్ భారత రాజ్యవ్యవస్థ పునర్నిర్మాణమును గూర్చి ఒక ప్రతిపాదనను ప్రకటించి, గ్రామము మొదలుకొని పైకి కట్టుకొని రావలసిన పార్టీరహిత ప్రజాస్వామ్యమును వాదించెను. ఆ సంవత్సరమే మన రాష్ట్రమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి.

దీనికి ఎదురు వాదమును అంత బలమైనదే. 1977లో నియమింపబడిన అశోక్ మెహతా సంఘము 1978లో తన నివేదిక సమర్పించుచు, పంచాయతీ ఎన్నికలలో పార్టీలు అన్ని అంతస్తులలోను బహిరంగముగా పాల్గొనవలెనని సిఫారసు చేసినది. పార్టీలు ఎట్లును వచ్చుచున్నవి. దొంగచాటుగా వచ్చుటకంటె తలవాకిటి నుండి వచ్చుట మేలు, అనునది ఆ ఆలోచన సారము. ఆ 1978లోనే పశ్చిమ బెంగాలులో పార్టీ గుర్తులపై పంచాయతీ ఎన్నికలు జరిగినవి. కేరళలోను గ్రామము వరకు పార్టీల పోటీయే.

ఈ రెండు వాదములలో దేనిని స్వీకరింపవలెను? మా అభిప్రాయమున రెండింటిలోను సగము సత్యము కలదు. మురుగు కాలువకు, మంచినీటి ట్యాంకునకు, వీధి దీపమునకు ఢిల్లీ తగాదాలతో పని లేదన్న మాట నిజము. దాగియున్న పక్షము కంటె కనిపించు పక్షము మేలన్న మాటయు నిజము. ఈ రెండు సత్యములను కలుపునది ఊరి జట్టు. అనగా ఏ పార్టీకిని చెందక, ఊరి పని కొరకే ఏర్పడి, తన పేరు తాను చెప్పుకొని నిలుచు జాబితా.

స్వతంత్రుడు వేరు, ఊరి జట్టు వేరు

'ఇండిపెండెంట్లు' మనకు క్రొత్తవారు కారు గదా అని కొందరు అనవచ్చును. నిజమే. 1952 నాటి తొలి లోక్‌సభకు విజయవాడ నుండి ఎన్నికైన కవి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ స్వతంత్ర అభ్యర్థియే. కమ్యూనిస్టులు ఆయనను బలపరచిరి. హనుమాన్ జంక్షన్ నేడు చేరియున్న గన్నవరము శాసనసభా నియోజకవర్గములో 1994లో గద్దె రామమోహన్, 2004లో ముద్దరబోయిన వెంకటేశ్వరరావు స్వతంత్రులుగా గెలిచిరి. పార్టీ టిక్కెట్టు లేకున్నను మన ప్రాంతపు ఓటరు ఓటు వేయగలడని ఈ ఫలితములు చాటుచున్నవి. ఇది సంతోషింపదగినదే.

అయినను స్వతంత్రుడు ఒక వ్యక్తి. అతడు తన మనస్సునకే బాధ్యుడు. రేపు ఏదేని పార్టీలో చేరినను ఆపువారు లేరు. గద్దె రామమోహన్ 1999లో తెలుగుదేశము తరపున విజయవాడ నుండి లోక్‌సభకు వెళ్ళిరి. ముద్దరబోయిన వెంకటేశ్వరరావు 2014లో అదే పార్టీ తరపున నూజివీడులో పోటీచేసిరి. దీనిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. అది వారి హక్కు. మేము చెప్పునది, ఒక మనిషి స్వాతంత్ర్యము ఊరి స్వాతంత్ర్యము కాదని మాత్రమే. ఊరి జట్టులో పదిమంది ఉందురు. ఒకడు మాట తప్పినచో తొమ్మండుగురు నిలువదీయుదురు. ఒకడు పోయినను వ్రాసిన కార్యక్రమము నిలిచియుండును.

ఇటలీలో ఏమి చేసిరి?

ఈ విషయమున ఇటలీ దేశపు అనుభవము మనకు పనికివచ్చును. 1992లో ఆ దేశమున పెద్ద పార్టీల లంచగొండితనము బయటపడి ప్రజల విశ్వాసము కూలిపోయెను. మరుసటి యేడు, 1993 మార్చి 25 నాటి 81వ నంబరు చట్టముతో, పురాధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొను పద్ధతి వచ్చినది. అంతకు పూర్వము కౌన్సిలు సభ్యులు ఎన్నుకొనెడివారు.

పదునైదు వేల జనాభా వరకుగల ఊళ్ళకు ఆ చట్టము చూపిన మార్గము సులభమైనది. అధ్యక్ష పదవికి నిలుచు ప్రతి అభ్యర్థితోను కౌన్సిలు అభ్యర్థుల జాబితా ఒకటి ముడిపడియుండును. ఆ జాబితాకు ఒక పేరు, ఒక గుర్తు. ఆ పేరు దేశవ్యాప్త పార్టీదే కానక్కర లేదు. ఆ ఊరివారు కలిసి తమకు తాము పెట్టుకొన్న పేరు కావచ్చును. ఇట్టి వానిని అచ్చట 'పౌర జాబితాలు' అందురు. చిన్న ఊళ్ళలో పోటీ అధికముగ ఇట్టి జాబితాల నడుమనే. గెలిచిన జాబితాకు కౌన్సిలులో మూడింట రెండు వంతుల స్థానములు వచ్చును. మిగిలినవి ఓడిన జాబితాలకు ఓట్లను బట్టి పంచబడును. పని చేయుటకు ఒక జట్టు, నిలువదీయుటకు మరియొక జట్టు సభలో ఉండును.

మన పద్ధతితో పోల్చి చూడుడు. మన ఊళ్ళలో సర్పంచ్ ఒక ప్యానెల్ నుండి, వార్డు సభ్యులలో ఎక్కువ మంది ఎదుటి ప్యానెల్ నుండి గెలుచుట కలదు. అప్పుడు ఉపసర్పంచ్ పదవి ఎదుటివారికి పోవును. ప్రతి తీర్మానమునకు పేచీ. కాలువ పూడిక తీయుటకు గూడ ఏకాభిప్రాయము కుదరదు. ఎవరిని అడిగినను తప్పు రెండవవారిదే అందురు.

ఇటలీ చట్టములో మమ్ము మిక్కిలిగా ఆకర్షించినది వేరొక నిబంధన. జాబితాతోపాటు అభ్యర్థులు తమ పరిపాలనా కార్యక్రమమును గూడ వ్రాతపూర్వకముగా దాఖలు చేయవలెను. దానిని పురపాలక సంఘపు నోటీసు బోర్డుపై అంటింపవలెను. గెలిచినవారు ఏమి చేసెదమనిరో, ఏమి చేసిరో పోల్చి చూచుకొనుటకు అంతకంటె సులభమైన సాధనమేమి కలదు?

అచ్చటను దోషములు లేకపోలేదు. పార్టీలు తమ పేరు దాచుకొనుటకు పౌర జాబితా వేషము వేయుట కలదు. ప్రాంతీయ ఎన్నికలలో నాయకుని పేరనే జాబితా పెట్టుట మరియొక వింత. 2020 సెప్టెంబరులో వెనెటో ప్రాంతమున అధ్యక్షుడు జాయా పేర నిలిచిన జాబితాకు 44 శాతమునకు పైగా ఓట్లు రాగా, ఆయన స్వంత పార్టీ లేగాకు 17 శాతమే వచ్చినవి. అది ఊరి జట్టు కాదు, వ్యక్తి పూజ. కనుక పేరు పెట్టినంత మాత్రమున జట్టు మంచిది కాదు. అయినను పేరు లేనిచో మంచిదో చెడ్డదో తెలిసికొనుటకే దారి లేదు.

మన దేశపు పాఠము

దూరదేశపు మాట చాలునన్నవారికి మన దేశములోని ఒక రాష్ట్రపు ఉదాహరణము చెప్పెదము. కేరళలో ఎర్నాకుళము జిల్లా కిళక్కంబలము పంచాయతీలో 2015లో 'ట్వంటీ20' అను స్థానిక సంఘము 19 స్థానములలో 17 గెలిచి, పేరుపొందిన పార్టీలన్నింటిని వెనుకకు నెట్టినది. 2020 నాటికి చుట్టుపట్ల కలిపి నాలుగు పంచాయతీలకు విస్తరించినది. రోడ్లు వేసినది, నిత్యావసరములను తక్కువ ధరకు అమ్ము అంగడి నడిపినది. స్థానిక జట్టు గెలువగలదా అను సందేహమునకు ఇది జవాబు.

కాని ఆ సంఘమునకు మూలాధారము కైటెక్స్ అను దుస్తుల కంపెనీ. ధనము ఒకే చేతి నుండి వచ్చినపుడు ఊరు ఆ చేతి వంక చూడక తప్పదు. పార్టీ యజమాని పోయి కంపెనీ యజమాని వచ్చినచో పల్లెకు ఒరిగినదేమి? పైగా ఆ సంఘము 2021లో శాసనసభకు 8 స్థానములలో పోటీచేసి ఒక్కటియు గెలువలేదు. ఊరి పని కొరకు పుట్టిన జట్టు ఊరు దాటగానే మరియొక పార్టీగా మారిపోయెను. ఇందు మనము నేర్వవలసిన పాఠములు రెండు: జట్టు ధనము లెక్క బహిరంగముగా నుండవలెను, జట్టు హద్దు ఊరి పొలిమేరయే కావలెను.

ఏకగ్రీవమును గూర్చి

పెద్దల ముఖ్యమైన అభ్యంతరము ఇది: 'జట్టులకు పేర్లు పెట్టినచో కక్షలు స్థిరపడును. అందరు కూర్చుండి ఒక మాట అనుకొని ఏకగ్రీవముగా ఎన్నుకొనుట మేలు కాదా?' ప్రభుత్వములును ఇట్లే తలచి ఏకగ్రీవ పంచాయతీలకు ప్రోత్సాహక నిధులు ప్రకటించుచు వచ్చినవి. 2021లో ఆ మొత్తములు, జనాభా 2,000 లోపు ఊరికి 5 లక్షల రూపాయలు, 5,000 లోపు 10 లక్షలు, 10,000 లోపు 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు.

ఈ వాదములోని సదుద్దేశమును మేము గౌరవించుచున్నాము. ఎన్నికల పేర తలలు పగులగొట్టుకొన్న ఊళ్ళు లేకపోలేదు. నిజముగా అందరు కూర్చుండి, అందరి మాట విని కుదుర్చుకొన్న ఏకగ్రీవము ఎన్నికకంటె ఉత్తమమైనది. కాని 'అందరు' అనగా ఎవరు? రచ్చబండపై కూర్చుండువారు నలుగురు. చెరువు గట్టు కావలి పేటవారిని, మసీదు సందువారిని, కూలికి పోయిన స్త్రీలను ఎవరు పిలిచిరి? కొన్ని ఊళ్ళలో పదవిని వేలము పాడి, ఎక్కువ పాడినవానికి ఇచ్చి దానికే ఏకగ్రీవమని పేరు పెట్టుటను పత్రికలలో చదువుచునే యున్నాము. పోటీ లేనిచోట ప్రశ్న లేదు. ప్రశ్న లేనిచోట జవాబు లేదు. ఓటును మానుకొన్నందుకు ఊరికి బహుమానమిచ్చుట మాకు న్యాయముగా తోచదు.

కక్షల విషయమా, అవి పేరు పెట్టినందున పుట్టినవి కావు. పేరు లేకున్నను ఉన్నవి. పేరు పెట్టినచో కనీసము వానిని కార్యక్రమము అడుగవచ్చును. వ్యక్తిపై కోపమును పనిపై చర్చగా మార్చుటకు ఒక అవకాశము కలుగును.

మన మాట

ఇంతవరకు అందరి మాట చెప్పితిమి. ఇక అల్పసంఖ్యాకుల కళాశాల విద్యార్థులముగా మన మాట చెప్పుట ధర్మము.

1994 నాటి చట్టము మండల పరిషత్తులో అల్పసంఖ్యాక వర్గమునుండి ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని కో-ఆప్షను సభ్యులుగా తీసికొనుటకు వీలు కల్పించినది. వారు సభలో కూర్చుండవచ్చును, మాటలాడవచ్చును. ఓటు వేయుటకు వీలులేదు. వారిని తీసికొనునది గెలిచిన సభ్యులే కనుక, ఎవరి బలము ఎక్కువయో వారి మనిషియే వచ్చును. ఈ గౌరవమును మేము తక్కువ చేయము. ఆ స్థానమున పనిచేసిన పెద్దలు కొందరు మన కళాశాలకు మేలు చేసినవారే. కాని కుర్చీ ఉండి చేయి ఎత్తుటకు వీలులేని స్థానముతో తృప్తిపడుట విద్యావంతులకు తగదు. చేయి ఎత్తగల స్థానము ఊరి వార్డులోనే కలదు. అచ్చట ఎవరి దయయు అక్కరలేదు.

అయితే ఆ స్థానమును మనము ఎట్లు వినియోగించుచున్నాము? మేమెరిగిన ఒక ఊరి సంగతి చెప్పెదము, పేరు అనవసరము. ముప్పది గడపల మొహల్లా. ఖబరస్తానుకు పోవు దారి వానకాలమున మోకాలి లోతు బురద. ఎన్నికకు ముందు రాత్రి మొహల్లా పెద్ద ఒక ప్యానెల్ వారి ఇంటికి పోయి దారి సంగతి మాటలాడెను. 'మీ ఓట్లన్నియు మాకు వేయుడు, దారి మాది' అనిరి. రెండవ ప్యానెల్ వారు తెల్లవారుజామున వచ్చి అదే మాట అనిరి. ఒకరు గెలిచిరి. తరువాత జనాజా మోసికొని ఆ బురదలో నడిచినపుడు మాట ఇచ్చినవానిని అడుగగా, 'నేననలేదు, మావాడెవడో అనియుండును' అనెను. వాడెవడో నేటికిని తెలియలేదు. వ్రాసిన కాగితము లేదు, సాక్షి లేడు, జట్టుకు పేరే లేదు. ఇక ఎవరిని అడుగవలెను?

ఇది ఒక్క మొహల్లా కథయే కాదు. దళితవాడలో నీటి కుళాయి, ఎరుకలవారి ఇండ్ల స్థలము, చేపల చెరువుల మధ్య చిక్కిన వాడకు దారి, అన్నింటిదియు ఇదే కథ. చిన్న సమూహము తన ఓట్లను మూటగట్టి నోటిమాటకు ఇచ్చివేయును. నోటిమాట గాలిలో కలిసిపోవును. ఇచ్చట పేరుగల జట్టు, వ్రాసిన కార్యక్రమము ఉన్నచో కథ మారును. ఆ మొహల్లానుండి ఒకరు జాబితాలోనే ఉందురు. ఖబరస్తాను దారి కార్యక్రమములో ఒక పంక్తిగా ఊరందరి కన్నుల యెదుట పంచాయతీ గోడపై ఉండును. అప్పుడది ముప్పది గడపల బేరము కాదు, ఊరి మాట.

ఇందులో ఒక ప్రమాదమును గూర్చి మనలను మనమే హెచ్చరించుకొనవలెను. ఊరి జట్టు పేర కులమునకొక జట్టు, మతమునకొక జట్టు కట్టుట మేము కోరునది కాదు. ముప్పది గడపలు వేరుగా జట్టు కట్టినచో ముప్పది ఓట్ల ఇండ్లుగానే మిగిలిపోవుదుము. ఎదుటివారికి తమ జట్టు కట్టుటకు సాకు దొరకును. ఉర్దూలో 'మష్వరా' అన్నను, తెలుగులో 'ఆలోచన' అన్నను పదిమంది కలిసి చేయునదే. అన్ని వాడలవారు కలిసినపుడే దానికి ఊరి జట్టు అను పేరు తగును.

మా సూచనలు

మా సూచనలను సంగ్రహముగా చెప్పెదము. మొదటిది, గ్రామ పంచాయతీకి పార్టీ గుర్తులు లేని పద్ధతి కొనసాగవలెను. కాని సర్పంచ్ అభ్యర్థియు, అతనితో కలిసి నిలుచు వార్డు అభ్యర్థులును కోరినచో ఒకే పేరు, ఒకే గుర్తు పొందుటకు చట్టమున వీలుండవలెను. ఒంటరిగా నిలువదలచినవానికి ఆ హక్కు యథాప్రకారముండవలెను. రెండవది, అట్టి జట్టు నామినేషనుతోపాటు రెండు పుటలకు మించని కార్యక్రమమును దాఖలు చేయవలెను; దానిని పంచాయతీ కార్యాలయపు బోర్డుపై అయిదేండ్లును ఉంచవలెను. ఉర్దూ చదువరులున్న ఊళ్ళలో ఉర్దూలోను ఉంచవలెను. మూడవది, ఎన్నికలో జట్టుకు వచ్చిన ధనము ఎవరినుండి ఎంత వచ్చినదో ఆ బోర్డుపైననే చూపవలెను. నాలుగవది, స్త్రీలకు సగము స్థానములున్నవి కనుక, జట్టు కార్యక్రమమును సభలో చదివి సమాధానము చెప్పునది ఆ అభ్యర్థినియే కావలెను గాని ఆమె భర్త కారాదు. అయిదవది, ఏకగ్రీవమునకు ఇచ్చు ధనమును గ్రామసభ సక్రమముగా జరిపిన ఊరికి ఇయ్యవలెను.

చట్టము మారువరకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కర లేదు. కార్యక్రమము వ్రాసి గోడకు అంటించుటను ఏ చట్టమును నిషేధింపలేదు. ఒక ఊరిలో అయిదుగురు యువకులు కలిసి రెండు పుటలు వ్రాసి, 'మేము నిలిచిన వార్డులలో ఈ పనులు చేసెదము, ఏటేట గ్రామసభలో లెక్క చెప్పెదము' అన్నచో అదియే మొదటి ఊరి జట్టు. గ్రామసభ ఏడాదికి కనీసము రెండుమార్లు జరుపవలెనని చట్టమే చెప్పుచున్నది. మనలో ఎందరము ఒక్క గ్రామసభకైనను పోయితిమి?

కళాశాల కార్యవర్గమువారికి మా విన్నపము ఒకటి కలదు. ప్రతి సంవత్సరము మన విద్యార్థులు తమ తమ గ్రామముల సభలకు పోయి, చూచినది వ్రాసికొని వచ్చి ఈ పత్రికలో ఉర్దూలోను తెలుగులోను ప్రకటించు ఏర్పాటు చేయుడు. ఎవరిని పొగడక, ఎవరిని తెగడక, ఏమి అడిగిరి, ఏమి చెప్పిరి అను రెండు వరుసలు చాలును. ఒక పదేండ్లు ఆ పని చేసినచో ఈ ప్రాంతపు గ్రామములకు అంతకంటె విలువైన చరిత్ర ఉండదు. ఖర్చు బస్సు చార్జీలకు మించదు.

సోదర విద్యార్థులారా! ఇరువది ఒక్క యేండ్లు నిండినవారు మనలో కొందరు కలరు. త్వరలో నిండువారు పెక్కురు. పార్టీలను తిట్టుచు కాలము గడుపుట సులభము. మన వాడలోని పదిమందిని కూర్చుండబెట్టి రెండు పుటలు వ్రాయుట కష్టము. కాని మన ఊరి బండి ఎచ్చటికి పోవుచున్నదో చదువగల బోర్డు ఆ రెండు పుటలే. ముందు దానిని వ్రాయుదము. తరువాత ఓటు అడుగుదము.